కౌసర్ గీసిన కింద ఊరు

కౌసర్ మా ఊరికి కోడలై వచ్చింది బనగానపల్లె నుంచి. వాళ్ల వీధిలో కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికే తెలియదు. అందుకని సంబంధం మాట్లాడేటప్పుడు వాళ్లమ్మ ఒకే ఒక్క మాట అడిగిందంట, "ఆ ఊళ్లో నీళ్లకు ఇబ్బంది లేదు కదా?" అని. సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "నీళ్లకేం తల్లీ, ఇంటి చుట్టూ నీళ్లే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

నికా అయినాక నందికొట్కూరు దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో ఒడ్డుకు వచ్చి దిగింది కౌసర్. ఎదురుగా కనుచూపు మేరంతా నీళ్లు. పెళ్లికొడుకు నవీద్ వైపు తిరిగి, "ఊరు యాడ?" అని అడిగింది. నవీద్ నీళ్ల మధ్యలో ఉన్న ఎర్రటి గుట్టను చూపించినాడు. ఆమె ఆ గుట్టను కాసేపు చూసి, బురఖా అంచు ఎత్తిపట్టుకుని బోటెక్కింది. 

మా ఊరి పేరు ఎర్రమిట్ట. కృష్ణకు అడ్డంగా డ్యాం కట్టకముందు ఊరు ఈ మిట్ట కింద, ఏటి ఒడ్డున ఉండేది. డ్యాంలో నీళ్లు నిలబడినాక ఊరు మునిగింది. శానామంది నందికొట్కూరు దగ్గరి కాలనీకి పోయినారు. కొన్ని ఇండ్లవాళ్లు మాత్రం సామాన్లు నెత్తిన పెట్టుకుని మిట్ట ఎక్కినారు, నీళ్లు తగ్గినాక దిగుదామని. నీళ్లు తగ్గలేదు. కొన్నాళ్లు చూసి, వలలు కొనుక్కుని, చేపలు పట్టేది నేర్చుకున్నారు. జొన్న పండించే పుల్లయ్య రెడ్డి, దూది ఏకి పరుపులు కుట్టే వలి సాహెబ్, అందరూ చేపలోళ్లే అయినారు. మొదట్లో ఎవరికీ చేతకాలేదంట. చేపలకు కూడా ఈ నీళ్లు కొత్త కాబట్టి సరిపోయిందని మా నాయన చెప్తాడు.

బడి పుస్తకంలో నాలుగు దిక్కులా నీళ్లుంటే దీవి అనీ, మూడు దిక్కులా ఉంటే ద్వీపకల్పం అనీ ఉంటుంది. మా ఊరు వానాకాలం నుంచి చలికాలం అయ్యేదాకా దీవి. ఎండలు ముదిరినాక ఒక పక్క బాట తేలి ద్వీపకల్పం అవుతుంది. పరీక్షలో మా పిల్లలు ఏది రాసినా మార్కులు వేయాల్సిందే. అయితే ఎంత ఎండాకాలమైనా పాత ఊరు మాత్రం బయటపడేది కాదు. మసీదు మినారు కొస కనిపించేది, ఎండిన చింతమాను కొమ్మలు రెండు కనిపించేవి, అంతే. ఆ మునిగిన ఊరిని మేము కింద ఊరు అంటాం.

కింద ఊరి గురించి మా ఊళ్లో మాట్లాడనివాళ్లు లేరు. నేను పుట్టింది మిట్ట మీదే అయినా, కింద ఊళ్లో మా ఇల్లు చావిడి పక్కనే అని నాకు బాగా తెలుసు. మా నాయన చెప్పినాడు. అయితే అందరి నాయనలూ అదే చెప్పినారు. చావిడి పక్క ఇల్లు లేనివాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. అందరికీ పెద్ద ఇండ్లే. లెక్క చూస్తే కింద ఊరు కర్నూలు కంటే పెద్దదిగా ఉండాల.

ఫోన్లు వచ్చినాక కాలనీలో ఉండే కుర్రవాళ్లు "కింద ఊరు" అని వాట్సాప్ గ్రూపు పెట్టినారు. పాత ఫోటోలు, ముసలివాళ్ల మాటలు అన్నీ అందులో పెట్టి ఊరి చరిత్ర నిలబెట్టాలని వాళ్ల ఉద్దేశం. మంచి ఉద్దేశమే. పెట్టిన వారం లోపలే దిగుడుబావి గురించి తగువు వచ్చింది. బావి తమ ఇంటి ముందరే ఉండేదని పుల్లయ్య. కాదు, మసీదు ముందర ఉండేదని వలి సాహెబ్. ఇద్దరూ మిట్ట మీద ఒకే అరుగు మీద కూర్చుని, ఒకరి పక్కన ఒకరు, ఫోన్లో ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. అడ్మిన్‌గా ఉన్న పిల్లోడు పుల్లయ్య మనవడు. వాడు వలి సాహెబ్‌ను గ్రూపులోంచి తీసేసినాడు. దాంతో సగం ఊరు బయటికి వచ్చింది.

చేపల సొసైటీ షెడ్డులో పంచాయితీ పెట్టినారు. కింద ఊళ్లో ఇల్లు లేని మనిషిని అడ్మిన్‌గా పెట్టాలని తేలింది. అట్లాంటి మనిషి దొరకడం కష్టమైంది. మగవాళ్లందరికీ ఇండ్లుండె. కోడళ్లంతా మేనరికాలే కాబట్టి వాళ్లకూ ఇండ్లుండె. మిగిలింది కౌసర్ ఒక్కతే. ఇంటర్ చదివింది, మా అంగన్‌వాడీలో టీచరు కూడా.

పుల్లయ్య ఒప్పుకోలేదు. "ఆ పిల్ల వలి సాహెబ్ మనవడి పెండ్లాం. మెట్టినింటి పక్కే మాట్లాడతాది కదప్పా" అన్నాడు.

"ఆ పిల్లకూ వలి సాహెబ్‌కూ పడదులేప్పా" అని ఎవరో అన్నారు.

అది నిజమే. వలి సాహెబ్‌కు చక్కెర జబ్బు. కౌసర్ ఆయన చాయలో చక్కెర వేయదు. ఆ విషయంలో ఆ ఇంట్లో పొద్దున, సాయంత్రం గొడవ జరుగుతుందని మిట్ట మీద అందరికీ తెలుసు. దాంతో పుల్లయ్య సరేనన్నాడు.

కౌసర్ ఫోను చేతికి తీసుకుని, "ఫోన్లో రాసుకుంటే తగువులే పెరుగుతాండాయి. ఊరి పటం గీద్దాం. అందరూ వచ్చి చెప్పండి" అంది. సొసైటీ షెడ్డు వెనక గోడకు సున్నం కొట్టించి, ఒక రూలు పెట్టింది. ఒక చోటు గురించి ఇద్దరు ఒకటే మాట చెప్తే బొగ్గుతో గీస్తుంది. నలుగురు చెప్తే రంగు వేస్తుంది. ఒక్కరే చెప్తే ఏమీ గీయదు.

రూలు అందరికీ నచ్చింది. మధ్యాహ్నం పిల్లలు ఇంటికి పోయినాక కౌసర్ స్టూలెక్కి గోడ దగ్గర నిలబడేది. జనం వలలు పక్కన పడేసి వచ్చి కూర్చునేవాళ్లు. ఎప్పుడూ ఎవరి మాటా ఒప్పుకోనివాళ్లు కూడా సాక్షుల కోసం ఒకరితో ఒకరు మంచిగా ఉండటం మొదలుపెట్టినారు. నా ఇల్లు చావిడి పక్కన ఉండెనని నువ్వు చెప్పు, నీ ఇల్లు ఉండెనని నేను చెప్తా అన్నట్టు. చావిడి చుట్టూ గోడ నిండిపోయింది. దిగుడుబావికి రెండు పక్కలా నలుగురేసి సాక్షులు దొరికినారు కాబట్టి కౌసర్ రెండు బావులు గీసి రెండింటికీ నీలం రంగు వేసింది. పుల్లయ్య, వలి సాహెబ్ ఇద్దరూ గోడ చూసి తృప్తి పడినారు. ఒకరి బావిని ఒకరు చూడలేదు.

ఇట్లా జరుగుతుండగా ఒకరోజు విశ్వాసమ్మ వచ్చింది. విశ్వాసమ్మ అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు అన్నం వండేది, గుడ్లు ఉడికించేది ఆమే. ఊరు మునిగేనాటికి ఆమె కొత్త పెండ్లికూతురు. మొగుడు పోయినాడు. బిడ్డల్లేరు. చీర కొంగుకు చేయి తుడుచుకుంటూ వచ్చి గోడను మొత్తం చూసింది.

"టీచరమ్మా, మా వాడ గీయలేదే? ఏటి పక్కన, ఈ కింద. అంతా మావాళ్ల ఇండ్లే ఉండె."

"ఇంకొకరు చెప్పల్ల కదక్కా."

"మావాళ్లు ఈడ ఎవరుండారు? అందరూ గుంటూరు పక్క మిరపకాయల కోతకని పోయి ఆడనే నిలబడిపోయినారు. ఉండేది నేనొక్కదాన్నే. రెండో నోరు యాడ తెస్తును?"

కౌసర్ అక్కడ కూర్చున్నవాళ్ల వైపు తిరిగింది. "పుల్లయ్య మామా, ఏటి పక్కన ఇండ్లుండెనా?"

"ఆడ ఇండ్లు యాడివి?" అన్నాడు పుల్లయ్య. "ఆడ మా గొడ్ల చావిడ్లు ఉండె."

ఇంకో ముగ్గురు తలలూపినారు. అందులో మా నాయన ఒకడు, వలి సాహెబ్ ఒకడు. నలుగురైనారు. రూలు ప్రకారం కౌసర్ ఏటి పక్కన గొడ్ల చావిడ్లు గీసి ఎర్రరంగు వేసింది. గుర్తు తెలియాలని ఒక ఆవును కూడా గీసింది. ఆవు బాగా వచ్చింది. పటం మొత్తంలో ఆవే బాగా వచ్చిందని అందరూ అన్నారు.

విశ్వాసమ్మ ఆవును చూసింది. పోయి గిన్నెలు కడుక్కుంది.

మరుసటి రోజు నుంచి ఆమె కౌసర్‌తో మాట్లాడటం మానేసింది. పని మాత్రం మానలేదు. చెప్పాల్సింది పిల్లలకు చెప్పేది. "పిల్లలూ, పప్పు అయిపోయిందని టీచరమ్మకు చెప్పండి." మూడేండ్ల పిల్లలకు ఆ మాటల్లో సగమే తెలిసేది. వాళ్లు వచ్చి "టీచర్, పప్పు" అనేవాళ్లు. కౌసర్ కూడా పట్టుదల మనిషే. "పిల్లలూ, డబ్బాలో ఇంకొంచెం ఉండాదని ఆయమ్మకు చెప్పండి" అనేది. ఆ ఏడాది మా ఊరి పిల్లలకు మాటలు తొందరగా వచ్చినాయని సూపర్‌వైజరమ్మ మెచ్చుకుంది.

ఇంట్లో మాత్రం కౌసర్‌కు అన్నం సరిగ్గా దిగలేదు. నవీద్ వల చిక్కు తీసుకుంటుంటే పక్కన కూర్చుని, "ఆయక్క అబద్ధం చెప్పే మనిషి కాదు" అంది.

"అయితే గీసెయ్."

"రూలుండాది కదా."

"రూలు పెట్టింది నువ్వే కదా. తీసెయ్."

"ఒకరికి తీస్తే అందరికీ తీయల్ల. మళ్లీ మీ తాత బావి దగ్గరికి వస్తాడు."

నవీద్‌కు తెలిసింది చేపల గురించే. అయితే ఒక మాట అన్నాడు. "మా తాత ఏటి పక్కకు పోయేవాడే కాదంట. మరి ఆడ ఇండ్లున్నాయో లేదో ఎట్ల తెలుస్తాది?" అది నవీద్ మామూలుగానే అన్నాడు. కౌసర్ మాత్రం ఆ మాట పట్టుకుని శానా రోజులు తిరిగింది. గొడ్ల చావిడ్లని చెప్పిన నలుగురిలో ఏటి పక్క వాడలో అడుగు పెట్టినవాళ్లు ఎవరని ఒక్కొక్కరినే అడిగింది. ఎవరూ పెట్టలేదు. "మేమెందుకు పోతాం తల్లీ ఆ పక్కకి?" అన్నాడు మా నాయన, అదేదో మంచి గుణమైనట్టు.

అయినా గోడ మీద ఆవు అట్లే ఉండె.

మొన్నొక ఏడాది ఎగువన వానలు పడలేదు. వానాకాలంలో రావాల్సిన నీళ్లు రాలేదు. ఉన్న నీళ్లు కరెంటుకనీ, కాలువలకనీ పోతానే ఉండె. ఉగాదికే బాట తేలింది. తర్వాత మినారు కొస కాదు, మినారు మొత్తం బయటికొచ్చింది. ఆ తర్వాత మసీదు. ఎండలు మండే రోజుల్లో ఒక పొద్దున లేచి చూస్తే, మిట్ట కింద బురద ఎండి, పగుళ్లు పారి, ఆ పగుళ్ల మధ్య రాళ్ల వరసలు కనిపించినాయి. మా నాయన ఒడ్డున నిలబడి, "ఊరు" అన్నాడు. 

కాలనీ వాళ్లకు కబురు పోయింది. ట్రాక్టర్లలో, ఆటోల్లో దిగినారు. గొడుగులు, నీళ్ల క్యాన్లు, చంకలో పిల్లలు. ఒకాయన సైకిలు మీద ఐసు కూడా తెచ్చి అమ్మినాడు. కింద ఊళ్లో నలభై ఏండ్లు దాటినాక జరిగిన మొదటి వ్యాపారం అదే.

కౌసర్ గోడ మీది పటాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని దిగింది. జనమంతా ఆమె వెనక. ఎండిన బురద కాళ్ల కింద పెంకుల్లాగా విరుగుతాంది. ఎక్కడ చూసినా నత్తగుల్లలు. చచ్చిన చేపల వాసన. మొదట బావి చూద్దామన్నారు.

బావి పుల్లయ్య ఇంటి ముందర లేదు. మసీదు ముందరా లేదు. ఆ రెండింటికీ దూరంగా, ఊరి కొసన, ఏటికి పోయే దారి పక్కన ఉండె. మెట్ల వరకు మట్టి పేరుకుపోయింది కానీ రాతికట్టు అట్లే ఉండాది. పుల్లయ్య, వలి సాహెబ్ ఇద్దరూ బావికి చెరో పక్క నిలబడి శానాసేపు చూసినారు.

"నేను చెప్పింది ఇదే కదప్పా" అన్నాడు పుల్లయ్య.

"నేనూ ఇదే కదా చెప్తాండా" అన్నాడు వలి సాహెబ్.

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య బావి తగువు రాలేదు.

ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కున్నారు. అదే కష్టమైంది. పునాదులు తప్ప ఏమీ లేవు. ఆ పునాదులు చూస్తే అన్నీ చిన్నవే. పుల్లయ్య తన ఇంటి పునాది మధ్యలో నిలబడి, ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచినాడు. తొందరగానే అయిపోయింది. మళ్లీ నడిచినాడు. చుట్టూ జనం చూస్తున్నారు.

"నీళ్లకు కుంచించుకపోయింది" అన్నాడు చివరికి.

వలి సాహెబ్ మర్యాదస్తుడు. పైగా గుడ్డతో పని చేసినవాడు. "అవునప్పా, కొత్త గుడ్డ తొలి ఉతుకుకు కుంచించుకపోతాది కదా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే అందరూ తమ ఇండ్లు చూసుకున్నారు. చావిడి పక్కన మా ఇల్లు లేదు. చావిడి పక్కన ఎవరి ఇల్లూ లేదు. అక్కడ గానుగ రాయి ఒకటి, పడిపోయిన దడి గుర్తులు తప్ప ఏమీ లేవు. మా ఇల్లు మంగలి వీధి సందులో దొరికింది. మా నాయన దాన్ని చూసి, "ఇది కాదులే" అని కొంచెం ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆ గడపరాయి మీద చేయి పెట్టి కూర్చున్నాడు.

విశ్వాసమ్మ ఈ గుంపుతో రాలేదు. ఆమె వేరే పక్క నుంచి, కొంగు నెత్తిన వేసుకుని, చేతిలో సద్ది మూటతో నేరుగా ఏటి వైపు పోతాంది. వెతకడం లేదు. కూరగాయలకు పోయినట్టు పోతాంది. కౌసర్ అది చూసి జనాన్ని వదిలి ఆమె వెనక నడిచింది.

దిగుడుబావి దాటినాక నేల కొంచెం పల్లంగా ఉంటుంది. అక్కడ ఒక వీధి ఉండె. ఒకటి కాదు, మూడు వరసలు. కింద ఊళ్లో అంత వరుసగా, అంత తీరుగా ఉన్న వీధి ఇంకొకటి లేదు. చిన్న చిన్న గదులు, రాతి పునాదులు, ఇంటింటికీ నేలలో పాతిన రోలు. రోళ్లలో బురద నిండి ఎండిపోయింది. విశ్వాసమ్మ రెండో వరసలో ఒక పునాదిలోకి అడుగుపెట్టి, పక్కకు జరిగి, ఒక రాయి మీద కూర్చుని సద్ది విప్పింది. రాగి సంగటి, పచ్చిమిరపకాయ.

కౌసర్ వీధిలో నిలబడింది. ఇంట్లోకి రావాలో వద్దో ఆమెకు తెలియలేదు. గోడలు లేవు కానీ గడప ఉండాది.

"ఎండలో ఎందుకు నిలబడతావు, రా" అంది విశ్వాసమ్మ. నెలల తర్వాత నేరుగా అన్న మాట అదే. "ఈడ కూర్చో. అది పొయ్యి, దాని మీద కూర్చోవద్దు."

కౌసర్ లోపలికి పోయి కూర్చుంది. విశ్వాసమ్మ సంగటి ముద్ద విరిచి సగం ఇచ్చింది. ఇద్దరూ తిన్నారు. తింటూ విశ్వాసమ్మ వేలు పెట్టి చూపించింది. అది మా అత్త ఇల్లు. అది మా ఆడబిడ్డది. ఆ కొసన ఉండేది ఏసన్న అని పాటలు పాడేవాడు. ఆడ ఒక పందిరేసి ప్రార్థన పెట్టుకునేవాళ్లం. చెప్పినవన్నీ కౌసర్ వింది. ఫోను తీయలేదు.

"అక్కా, నేను ఆవును గీసినా" అంది చివరికి.

"చూసినాలే. బాగానే గీసినావు."

కౌసర్‌కు కండ్లలో నీళ్లు తిరిగినాయి. విశ్వాసమ్మ అది గమనించి, "మిరపకాయ కారమా?" అని అడిగింది. కౌసర్ అవునని తలూపింది. లేచి, మూతి తుడుచుకుని, నేరుగా పోయి పుల్లయ్యను పిలుచుకుని వచ్చింది. "మామా, ఒకసారి రండి" అంది, అంతే. ఆయన వెనక ఇంకొందరం పోయినాం.

పుల్లయ్య వీధి మొదట్లో నిలబడి చూసినాడు. "ఇవి మా గొడ్ల చావిడ్లే" అన్నాడు.

విశ్వాసమ్మ చేయి కడుక్కుంటాంది. తల ఎత్తకుండానే, "ఇంటింటికీ రోళ్లుండాయే. గొడ్లు కారం నూరుకుంటాండెనా అప్పా?" అంది.

అంతకుముందు ఆమె ఆయన్ను "అయ్యా" అని పిలిచేది. "అప్పా" అనడం అదే మొదలు. అది అందరికీ వినిపించింది. పుల్లయ్య రోలును చూసినాడు. పక్కింటి రోలును చూసినాడు. వీధి పొడుగునా చూసినాడు. "ఎండ శానా ఉండాది" అని మిట్ట వైపు నడుచుకుంటూ పోయినాడు.

అయిదారు రోజులకు షెడ్డులో మళ్లీ పంచాయితీ జరిగింది. ఇప్పుడు పటం ఏం చేయాలని. కౌసర్ మళ్లీ గీస్తానంది. ఎక్కువమంది వద్దన్నారు. రంగు వేసిన పటం ఎట్ల చెరుపుతాం అన్నారొకరు. నీళ్లలో ఇన్నేండ్లుండి నేల జరిగి ఉంటాదని ఇంకొకరు. నలుగురు కాదు, నలభైమంది చెప్పి గీయించిన పటం అది, నేల ఒక్కటే కదా వేరే మాట చెప్తాండేది అని మా నాయన అన్నాడు. చేతులెత్తమంటే పటమే గెలిచింది. నేలకు ఓట్లు తక్కువ పడినాయి.

కౌసర్ అందరి మాటా వింది. "సరే" అంది.

మరుసటి రోజు పొద్దున నవీద్, ఆమె కలిసి బకెట్లో సున్నం కలుపుకుని పోయి గోడ మొత్తం తెల్లగా కొట్టేసినారు. జనం వచ్చేసరికి ఆవు ఒక్కటే సున్నం కింద ఎర్రగా కొంచెం కనిపిస్తాంది. దానికి ఇంకో పూత వేసినారు.

ఊరు ఊరంతా మండిపడింది. పుల్లయ్య గ్రూపు నుంచి బయటికి పోయి "అసలు కింద ఊరు" అని వేరే గ్రూపు పెట్టినాడు. కౌసర్ మాత్రం ఇంకా నీళ్లు రాలేదు కాబట్టి రోజూ చల్లపొద్దున నవీద్ వలతాడు తీసుకుని కిందికి పోయి కొలతలు పట్టింది. తాడుకు ఒక కొస నవీద్ పట్టుకునేవాడు. ఇంకో కొస విశ్వాసమ్మ. గోడ మీద మొదట గీసింది ఏటి పక్క వాడ. దానికి బొగ్గు వాడలేదు, నేరుగా రంగే వేసింది. సాక్షులు ఎవరని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు.

వలి సాహెబ్ చూపు బాగా లేకున్నా గోడ దాకా వచ్చి తన ఇంటిని వేలితో కొలిచినాడు. "ఇంత చిన్నగా గీసినావేం తల్లీ? ఏకిన దూది యాడ పెట్టుకుంటాంటిమి?"

"కొలత ప్రకారం అంతే వచ్చింది తాతా."

"కొంచెం పెంచు. ఇంకెవరికి తెలుస్తాది?"

"పక్కింటోళ్ల మీద పడతాది."

"పక్కిల్లు పుల్లయ్య అన్నదమ్ములదే కదా. పడనీ."

ఆమె పెంచలేదు. ఆయన రెండు పూటలు చాయ తాగలేదు. మూడో పూట తాగినాడు. చక్కెర లేదని కోప్పడినాడు. అక్కడికి ఇల్లు మామూలైంది.

కౌసర్ ఏటి పక్క వీధి ఫోటోలు కొన్ని గ్రూపులో పెట్టింది. ఎవరు ఎవరికి పంపినారో తెలియదు, ఒకరోజు గుంటూరు పక్క ఏదో ఊరి నుంచి కౌసర్ ఫోనుకు ఒకామె గొంతు మెసేజీ వచ్చింది. "అమ్మా, ఆ అంచు విరిగిన రోలు మా అమ్మది. ఆడనే ఉండాదా ఇంకా?" ఆ వెనకే ఇంకొకరు. హైదరాబాదులో ఇండ్ల కూలికి పోయినవాళ్లు, ప్రకాశం జిల్లాలో స్థిరపడినవాళ్లు. నంబర్లు ఇచ్చినారు, చేర్చుకోమన్నారు. ఇండ్ల దగ్గర రాసింది కనిపిస్తాది కానీ, గొంతులు దిగేంత సిగ్నలు రాదు. కౌసర్ సాయంత్రం పిల్లల్ని పంపించి, విశ్వాసమ్మను వెంటబెట్టుకుని మిట్ట కొసకు పోయి ఆ మాటలన్నీ వినిపించేది. విశ్వాసమ్మ ఫోను చెవి దగ్గర కాకుండా మొహానికి ఎదురుగా పట్టుకుని, కోపంగా ఉన్నట్టు వినేది. ఒక్కొక్క గొంతుకు, "ఇది ఫలానా వాళ్ల కూతురు", "ఈడు చిన్నప్పుడు ఏట్లో కొట్టుకపోతాంటే మా మామ పట్టినాడు" అని చెప్పేది. ఒక గొంతుకు మాత్రం "మళ్లీ పెట్టు" అంది. కౌసర్ మళ్లీ పెట్టింది. అది ఆమె ఆడబిడ్డ. బతికి ఉందని విశ్వాసమ్మకు తెలియదు. "గొంతు బొంగురుపోయింది దానిది" అని మాత్రం అని, మిట్ట అంచున అటు తిరిగి కూర్చుంది.

తర్వాత నుంచి విశ్వాసమ్మకు, కౌసర్‌కు మాటలు మామూలుగా సాగినాయి. ఎక్కువగా అవి పప్పు తక్కువైందనీ, గ్యాసు అయిపోయిందనీ, పిల్లలకు జలుబు చేసిందనీ. పిల్లలకు మధ్యవర్తి పని తప్పింది.

పుల్లయ్య గ్రూపు ఎక్కువ రోజులు నడవలేదు. అందులో అందరూ ఒకటే మాట మీద ఉన్నారు. ఇల్లు ఎంత పెద్దదని చెప్పినా ఎవరూ కాదనరు. కొన్నాళ్లకు చెప్పేది మానేసినారు. ఒకరోజు ఆయన షెడ్డు దగ్గరికి వచ్చి, వల ఆరబెట్టుకుంటున్నట్టు కాసేపు తిరిగి, "నన్ను మళ్లీ ఆ గ్రూపులో వెయ్యమ్మా. నా దాంట్లో ఒకటే గుడ్ మార్నింగులు" అన్నాడు.

కౌసర్ వేసింది.

ఆయన గోడ ముందర నిలబడి కొత్త పటాన్ని మొదటిసారి నిదానంగా చూసినాడు. "మా గొడ్ల చావిడ్లు యాడా లేవే?" అన్నాడు.

"యాడ ఉండెనో చెప్పండి మామా, గీస్తా."

పుల్లయ్య ఏటి పక్కన వేలు పెట్టబోయి, పెట్టకుండా ఆపి, ఊరికి పడమటి పక్క చూపించి, "ఈ పక్క ఉండెనేమో, ఇంట్లో అడిగి చెప్తా" అని వెళ్లిపోయినాడు. ఇంతవరకు చెప్పలేదు. పడమటి పక్క ఆ చోటు కౌసర్ ఖాళీగానే పెట్టింది.

ఆ ఎండాకాలం దాటినాక వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చినాయి. ఒక వారంలో నీళ్లు బావి దాకా, ఇంకో వారంలో మసీదు దాకా ఎక్కినాయి. ఎవరూ ఏడవలేదు. నీళ్లొస్తే చేపలొస్తాయి.

వినాయక చవితి దాటినాక నందికొట్కూరులో అంగన్‌వాడీ మీటింగు అంటే కౌసర్, విశ్వాసమ్మ ఇద్దరూ నవీద్ బోటులో బయలుదేరినారు. నేనూ సంతకని ఎక్కినా. బయలుదేరిన కాసేపటికి, మిట్టకు ఏటి పక్కగా, వాడ మునిగిన చోట బోటు తిరిగేటప్పుడు, విశ్వాసమ్మ అటూ ఇటూ చూసి నవీద్‌తో, "కొంచెం మెల్లగా పోనీప్పా" అంది.

నవీద్ ఇంజన్ తగ్గించినాడు. ఆమె బోటు అంచు పట్టుకుని కిందికి వంగి చూసింది. నీళ్లు ఎర్రగా, కొత్త బురద కలిసి ఉన్నాయి. ఏమీ కనిపించదు. కౌసర్ ఆమె చీర కొంగు తడవకుండా పట్టుకుంది. బోటు అట్లే కాసేపు ఊగింది.

"సరే, పోనీ" అంది విశ్వాసమ్మ, లేచి కూర్చుని. "మీటింగు తొందరగా వదిలితే టమోటాలు చూడల్ల. పోయిన వారం తెచ్చినవన్నీ మెత్తవే."